ఫోటోల్లో మా బాబు ఎడమ కన్ను తెల్లగా వస్తోంది. కెమెరా వల్లేనా?

విభాగం: పిల్లల ఆరోగ్యం

కాకరపువ్వొత్తి (భీమవరం దగ్గర), ఏప్రిల్ 18, రాత్రి 10:52

అందరికీ నమస్తే. బాబుకి 14 నెలలు. మొదట గమనించింది మా అత్తగారు. సంధ్యవేళ దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి వాడిని ఒళ్ళో వేసుకున్నారు. గదిలో ఇంకా లైటు వేయలేదు. ఎడమ కంటి నల్లగుడ్డులో ఏదో తళుక్కుమందట. "పిల్లి కన్నులా మెరిసిందే, చూడు" అన్నారు. నేను వెళ్ళేసరికి ఏమీ లేదు. ఆవిడకి పోయినేడు శుక్లాల ఆపరేషన్ అయింది, ఆవిడ కళ్ళే మెరుస్తున్నాయని మావారు నవ్వేశారు.

నిన్న నిద్ర పట్టక ఫోన్‌లో వాడి ఫోటోలన్నీ మొదటి నుంచి చూశాను. పుట్టినరోజు నాడు ఫ్లాష్ వేసి తీసినవాటిలో 11 ఫోటోల్లో కుడి కన్ను ఎర్రగా, ఎడమ కన్ను పాలచుక్క వేసినట్టు తెల్లగా ఉంది. బారసాల ఫోటోల్లో అలా లేదు. ఈ మధ్య ఆ కన్ను ముక్కు వైపు కొంచెం తిరుగుతోంది కూడా. మెల్లకన్ను అదృష్టం అంటున్నారు వచ్చినవాళ్ళంతా. నెల కిందట ఇక్కడే ఒక క్లినిక్‌లో చూపిస్తే టార్చి వేసి చూసి, చుక్కల మందు రాసి, మూడు నెలలయ్యాక రమ్మన్నారు. వాడు బాగానే ఆడుతున్నాడు. నొప్పి లేదు, ఏడుపు లేదు. ఊరికే టెన్షన్ పడుతున్నానా?

టీవీఎస్50, ఏప్రిల్ 18, రాత్రి 11:05

ఫ్లాష్ అంతేనండి. మా పాపకి రెండు కళ్ళూ ఎర్రగా వస్తాయి దెయ్యంలాగ. ఏమీ కాదు, పడుకోండి.

చీటీనంబర్7 (కంటి పరీక్షలు చేసే ఉద్యోగం), ఏప్రిల్ 18, రాత్రి 11:31

టీవీఎస్ గారూ, మీ పాపకి ఎర్రగా రావడమే కావాలి. కంటి వెనక గోడకి రక్తనాళాలు ఎక్కువ. ఫ్లాష్ వెలుగు కంటిపాప లోంచి లోపలికెళ్ళి ఆ గోడకి తగిలి వెనక్కొస్తే ఎరుపు కనిపిస్తుంది. దారిలో ఏదన్నా అడ్డం ఉంటే ఎరుపు బదులు తెలుపో పసుపో వస్తుంది.

కాకరపువ్వొత్తి గారూ, మిమ్మల్ని భయపెట్టాలని కాదు. పక్క నుంచి తీసినప్పుడు కంటి నరం మొదలయ్యే చోట వెలుగు పడి మామూలు కంట్లో కూడా ఒకటీ అరా ఫోటోలో తెల్లగా రావచ్చు. కానీ అదే కన్ను 11 ఫోటోల్లో, దానికి తోడు మెల్ల. ఇది మూడు నెలలు ఆగే విషయం కాదు. పుట్టుకతో వచ్చే శుక్లం కావచ్చు, కోట్స్ అనే రక్తనాళాల జబ్బు కావచ్చు, రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కావచ్చు. మొదటి రెండైనా చూపు కోసం తొందరపడాల్సిందే. మూడోదైతే ప్రాణం కోసం.

టార్చి వేసి చూస్తే ఇది తెలియదు. చుక్కలు వేసి కంటిపాపని పెద్దది చేసి, తలకి లైటు కట్టుకుని లెన్సు పట్టి కంటి లోపలి వెనక పొర (రెటీనా) మొత్తం చూడాలి. సోమవారం దాకా కూడా ఆగకండి. మీకు విజయవాడ తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, అక్కడికెళ్ళండి. కౌంటర్‌లో "కంట్లో తెల్లగా మెరుస్తోంది" అన్న మాటే చెప్పండి, "మెల్లకన్ను" అని మొదలుపెట్టకండి. ఫోన్‌లో ఆ ఫోటోలు తీసి సిద్ధంగా పెట్టుకోండి.

తాటిముంజె, ఏప్రిల్ 19, ఉదయం 6:40

మా అమ్మమ్మగారి ఊళ్ళో ఒకాయన కంట్లో పువ్వు వేస్తే పసరు పోస్తారు. మూడు ఆదివారాలు. ఎంతోమందికి తగ్గింది. ఒకసారి చూపించి తర్వాత ఆపరేషన్లకి వెళ్ళండి.

గుమ్మడిపాదు (మోడరేటర్), ఏప్రిల్ 19, ఉదయం 7:15

తాటిముంజె గారూ, పువ్వు అంటే నల్లగుడ్డు మీద పైకి కనపడే తెల్ల మచ్చ. ఇది లోపలి సంగతి, పైన పోసిన పసరు అక్కడికి చేరదు. చేరేది ఇన్‌ఫెక్షనే. మీ పోస్టు తీసేయడం లేదు, జవాబు కూడా అందరికీ కనపడాలని. ఊరు పేరు మాత్రం ఇవ్వకండి.

ఆరో తరగతి నాన్న (నల్గొండ జిల్లా), ఏప్రిల్ 19, ఉదయం 9:02

చెల్లె, నేను ఆ పసరు పోయించిన తండ్రినే. మా పాపకి రెండేళ్ళప్పుడు మెరుపు కనపడ్డది. మా అమ్మ చెప్పింది, నేనే వినలేదు. ఎనిమిది నెలలు అటూ ఇటూ తిరిగినం. కన్ను ఎర్రబడి, వాచి, పాప రాత్రంతా ఏడ్చినప్పుడు హైదరాబాద్ తీసుకపోయినం. అప్పటికి గ్రూప్ ఇ, అంటే ఎ నుంచి ఇ దాకా ఉండే దశల్లో అన్నిటికన్నా ముదిరింది. కన్ను తీసేసిండ్రు. కంటి నరంలోకి కొంత పాకిందని రిపోర్టు వచ్చింది, అందుకు ఆరు కీమోలు. ఇప్పుడు ఆరో తరగతి. లెక్కల్లో నాకంటే నయం.

నొప్పి లేదు అని రాసినవు. నొప్పి ఉండదు. నేను మోసపోయింది అక్కడనే. నొప్పి వచ్చిందంటే ఆలస్యమైపోయిందని.

కాకరపువ్వొత్తి, ఏప్రిల్ 19, ఉదయం 9:20

బస్సులో ఉన్నాం. అత్తగారు కూడా వస్తున్నారు.

కాకరపువ్వొత్తి, ఏప్రిల్ 24, రాత్రి 8:14

విజయవాడలో చుక్కలు వేసి చూసి ఆ రోజే హైదరాబాద్ బంజారాహిల్స్‌కి రాసిచ్చారు. మొన్న మత్తు ఇచ్చి రెండు కళ్ళూ చూశారు. స్కానింగ్‌లో గడ్డ లోపల సున్నం పేరుకున్నట్టు కనపడిందట. ఎమ్మారై కూడా అయింది. రెటినోబ్లాస్టోమా. ఎడమ కన్ను గ్రూప్ ఇ. మేం అనుకోనిది ఏంటంటే కుడి కంట్లో కూడా రెండు చిన్నవి ఉన్నాయి, గ్రూప్ బి. ఎడమది తీసేయాలి, కుడి కంటికి కీమో, లేజరు అన్నారు.

మా మామగారు ఒప్పుకోవడం లేదు. ముక్క తీసి పరీక్ష చేయకుండా క్యాన్సర్ అని ఎలా చెప్తారు, వేరేచోట ముక్క పరీక్ష చేయిద్దాం అంటున్నారు. మా ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నారు, మాట్లాడటం లేదు. నేను కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు బయటికొచ్చాను. మాది మేనరికం కూడా. ఏది కారణమో తెలియడం లేదు.

చీటీనంబర్7, ఏప్రిల్ 24, రాత్రి 8:40

ముందు మామగారి ప్రశ్న. అడగడంలో తప్పు లేదు, చాలా గడ్డలకి ముక్క పరీక్షే చేస్తారు. దీనికి చేయరు. ఇప్పుడు గడ్డ కంటి గోడ లోపల మూతపెట్టిన డబ్బాలో ఉన్నట్టు ఉంది. సూది గుచ్చితే ఆ రంధ్రం వెంట కణాలు బయటికొస్తాయి. చేతిలో ఉన్న జబ్బు చేయి దాటిపోతుంది. కంటితో చూసి, స్కానింగ్‌లో సున్నం చూసి చెప్పడమే దీనికి పద్ధతి. ఇంకో డాక్టర్ అభిప్రాయం కావాలంటే తీసుకోండి, చెన్నై శంకర నేత్రాలయలోనో మరోచోటో. కానీ వారంలోపు, సూది లేకుండా.

రెండుబ్రేకులు (జీవశాస్త్రం లెక్చరర్), ఏప్రిల్ 24, రాత్రి 9:55

అమ్మా, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. మేనరికానికీ లేదు. మేనరికంలో బయటపడే జబ్బులకి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడు జన్యువు రావాలి. ఇది ఆ కోవలోది కాదు.

13వ క్రోమోజోమ్ మీద ఆర్‌బీ1 అనే జన్యువు ఉంటుంది. కణం ఇష్టమొచ్చినట్టు విభజన చెందకుండా ఆపడం దాని పని. ప్రతి కణంలో దానివి రెండు ప్రతులు, సైకిల్‌కి ముందు బ్రేకు, వెనక బ్రేకు ఉన్నట్టు. ఒకటి పోయినా సైకిల్ ఆగుతుంది. రెండూ పోతేనే ప్రమాదం. కొందరు పిల్లలకి పుట్టుకతోనే ఒంట్లో అన్ని కణాల్లో ఒక బ్రేకు ఉండదు. రెటీనాలో ఏ కణంలో రెండోది తెగినా గడ్డ మొదలవుతుంది కాబట్టి వాళ్ళకి చిన్న వయసులో, ఎక్కువగా రెండు కళ్ళలో వస్తుంది. మిగతావాళ్ళకి ఒకే కణంలో రెండూ తెగాలి. అది అరుదు, అందుకే ఒక కన్ను, కొంచెం ఆలస్యంగా.

1971లో హ్యూస్టన్‌లో ఆల్‌ఫ్రెడ్ నుడ్‌సన్ అనే డాక్టర్ 48 మంది పిల్లల రికార్డులు ముందేసుకుని, ఏ వయసులో వచ్చింది, ఒక కన్నా రెండా అని లెక్కలు కట్టి ఈ సంగతి చెప్పాడు. అప్పటికి ఆ జన్యువును ఎవరూ చూడలేదు. 1986లో దొరికింది. క్యాన్సర్‌ని ఆపే జన్యువుల్లో మొట్టమొదట చేతికి చిక్కింది ఇదే. నేను పాఠం చెప్పేటప్పుడు ఈ ఒక్క కథకి గంట తీసుకుంటాను, సిలబస్ పోతే పోయింది.

రెండు కళ్ళలో వచ్చింది కాబట్టి మీ బాబుది మొదటి రకం. అలాగని మీ ఇద్దరిలో ఎవరి నుంచో వచ్చిందని కాదు. ఇలాంటి పిల్లల్లో ఎక్కువమందికి ఇంట్లో ముందు ఎవరికీ ఉండదు, ఆ మార్పు వాళ్ళలోనే కొత్తగా వస్తుంది. ఎవరూ ఏమీ చేసి రాదు.

డాలస్‌లో దోసకాయ, ఏప్రిల్ 25, ఉదయం 5:10

మీ బాబు వయసు చూసి రాస్తున్నాను. 2017లో ఈ జబ్బు బయటపడిన 4,351 మంది పిల్లల వివరాలు 153 దేశాల నుంచి పోగేసి ఒక పెద్ద అధ్యయనం చేశారు. ధనిక దేశాల్లో జబ్బు పట్టుకునే మధ్యస్థ వయసు 14.1 నెలలు. బాగా పేద దేశాల్లో 30.5 నెలలు. ఆ పేద దేశాల్లో దాదాపు సగం మంది పిల్లలకి అప్పటికే గడ్డ కన్ను దాటి బయటికొచ్చేసింది. ధనిక దేశాల్లో నూటికి ఇద్దరు కూడా లేరు. మూడేళ్ళ తర్వాత చూస్తే అక్కడ 99.5 శాతం పిల్లలు బతికి ఉన్నారు, పేద దేశాల్లో 57.3 శాతం. మన దేశం ఉన్న దిగువ మధ్యాదాయ దేశాల వర్గంలో 80.3 శాతం.

జబ్బు అన్నిచోట్లా ఒకటే. తేడా అంతా ఎప్పుడు చూశారు, వైద్యం చివరిదాకా చేయించారా అన్న దాంట్లోనే. ఇక్కడ పిల్లల డాక్టర్ ప్రతి చెకప్‌లో గది చీకటి చేసి కంట్లో ఎరుపు చూస్తాడు. మీ ఇంట్లో ఆ పని మీ అత్తగారు చేశారు, సంధ్యవేళ, ఏ పరికరం లేకుండా. 14 నెలలకి. ఆవిడకి నా దండం చెప్పండి.

ఇంకోటి. టెక్సస్‌లో బేలర్ యూనివర్సిటీలో బ్రయన్ షా అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ కొడుక్కి ఇదే జబ్బు. ఆయన కూడా మీలాగే పాత ఫోటోలు తవ్వాడు. పుట్టిన 12వ రోజు ఫోటోలోనే తెలుపు ఉంది. ఆ తర్వాత ఫోన్‌లో ఫోటోలు వెతికి తెల్ల మెరుపు పట్టే ఒక యాప్ తయారుచేయించాడు. యాప్ "ఏమీ లేదు" అన్నంతమాత్రాన జబ్బు లేదని కాదు, అది డాక్టర్‌కి బదులు కాదు.

గాజుకన్ను_పిల్ల, ఏప్రిల్ 25, ఉదయం 11:48

నాకు 31. ఏడాదిన్నరప్పుడు కుడి కన్ను తీశారు. ఆఫీసులో పక్క సీటు అమ్మాయికి మూడేళ్ళ తర్వాత నేను చెప్తేనే తెలిసింది.

కన్ను తీయడం గురించి మామగారికి ఇలా చెప్పండి. ఆ కంట్లో చూపు ఇప్పటికే లేదు. ఉంచుకున్నది కన్నులా కనపడే గడ్డని. ఆపరేషన్ అప్పుడు లోపల ఒక గుండ్రటి బిళ్ళ పెట్టి కండరాలు దానికి కుడతారు, పైన పల్చటి ప్లాస్టిక్ చిప్ప పెడతారు. ఆరు వారాల తర్వాత అసలు కన్నులాంటిది చేసిస్తారు. గాజు అని అంటాం గానీ అక్రిలిక్. నాకిప్పుడున్నది అయిదోది, పెరిగేకొద్దీ మార్చాలి. చేసేటప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి, మంచి కన్ను చూస్తూ సన్నటి కుంచెతో రంగులేస్తారు. తెల్లగుడ్డు మీద నరాల కోసం ఎర్ర పట్టుదారం పోగులు పరుస్తారు. ఒకసారి ఆయన నా కంట్లో ఉన్న ఒక చిన్న గోధుమరంగు చుక్క కోసం ముప్పావుగంట కూర్చున్నాడు.

నాది ఒక కన్నే కాబట్టి వంశపారంపర్యం కాదనుకున్నాం. పెళ్ళయ్యాక రక్తపరీక్ష చేయిస్తే ఆర్‌బీ1లో మార్పు ఉందని తేలింది. ఒక కన్నే వచ్చినవాళ్ళలో కూడా నూటికి 15 మందికి ఇలా ఉంటుందట. అంటే నాకు పుట్టే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. మా పాప పుట్టిన అయిదో రోజు చూశారు, ఏమీ లేదు. మూడో వారం చూశారు, అంచున ఆవగింజంత ఒకటి. అక్కడికక్కడే లేజరు. ఇప్పుడు దానికి నాలుగేళ్ళు, రెండు కళ్ళతో చీమల బారు లెక్కపెడుతుంది. అదే జన్యువు, అదే గడ్డ. నాకు ఏడాదిన్నరకి చూశారు, దానికి మూడు వారాలకి చూశారు.

ఆరో తరగతి నాన్న, ఏప్రిల్ 25, మధ్యాహ్నం 12:30

ఇది చదివి కాసేపు బయటికి పోయి వచ్చిన.

తాటిముంజె, ఏప్రిల్ 25, సాయంత్రం 4:18

నా మొదటి పోస్టుకి క్షమించండి. ఒక సందేహం. కన్ను తీయకుండా కరెంటు పెట్టి మాడ్చేయొచ్చు కదా? మా బాబాయికి గొంతుకి అలాగే తగ్గింది.

చీటీనంబర్7, ఏప్రిల్ 25, సాయంత్రం 6:05

ఒకప్పుడు అదే చేసేవారు. పుట్టుకతో ఒక బ్రేకు లేని పిల్లలకి బయటి నుంచి రేడియేషన్ పెడితే, ఆ కిరణాలు తగిలినచోట ఎముకలోనో కండలోనో పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో ఇంకో క్యాన్సర్ వచ్చే ముప్పు పెరుగుతుంది. కాబట్టి ఇప్పుడు వీలైనంత వరకు దాన్ని తప్పిస్తారు, సీటీ స్కాన్ కూడా తగ్గించి ఎమ్మారైకి పంపుతారు. కరెంటు కావాల్సి వస్తే చిన్న నాణెంలాంటి రేడియోధార్మిక బిళ్ళని గడ్డకి ఎదురుగా కంటి గోడకి కుట్టి కొన్నాళ్ళకి తీసేస్తారు. రుథీనియం బిళ్ళలు ఇప్పుడు మన భాభా అణు పరిశోధన కేంద్రమే తయారుచేస్తోంది.

మధ్యస్థంగా ఉన్న కళ్ళకి ఇంకో దారి ఉంది. తొడ దగ్గర రక్తనాళం లోంచి సన్నటి గొట్టం పంపి కంటికి వెళ్ళే నాళంలోనే మందు వదులుతారు. గ్రూప్ ఇ కన్నుకి మాత్రం మొండిపట్టు పట్టకూడదనే నా అభిప్రాయం. కన్ను కోసం నెలలు గడిపి పిల్లని పోగొట్టుకున్నవాళ్ళని చూశాను. ఇంతకంటే రాయలేను.

కాకరపువ్వొత్తి, మే 9, మధ్యాహ్నం 3:33

ఆపరేషన్ అయింది. మామగారిని ఒప్పించింది మా అత్తగారే. "నేను చూశాను కాబట్టి నేనే చెప్తున్నా, సంతకం పెట్టండి" అన్నారు, అంతే. రిపోర్టు వచ్చింది, కంటి నరం కోసిన చివర శుభ్రంగా ఉంది. కుడి కంటికి మొదటి కీమో అయిపోయింది. మూడు మందులు, విన్‌క్రిస్టిన్, ఎటొపోసైడ్, కార్బోప్లాటిన్. నాలుగు వారాలకొకటి, మొత్తం ఆరు.

రెండు ప్రశ్నలు. మత్తు పరీక్షకి ముందు ఆరు గంటలు ఏమీ పెట్టొద్దంటున్నారు, వాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. మీరేం చేశారు? ఖర్చు సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

ఆరో తరగతి నాన్న, మే 9, సాయంత్రం 5:47

ఆరు గంటలన్నది అన్నానికీ డబ్బా పాలకీ. తల్లిపాలు నాలుగు గంటల ముందు వరకు, మంచినీళ్ళు రెండు గంటల ముందు వరకు ఇస్తరు మామూలుగా. మీ మత్తు డాక్టర్‌ని అడిగి, ఆయన చెప్పిందే పాటించు. ముందురోజే "చిన్నపిల్లాడు, మొదటి నంబర్ ఇయ్యండి" అని అడుగు. వాడి ముందర ఎవ్వరూ తినొద్దు, టీ కూడా బయటనే. మా పాపని నేను లిఫ్ట్‌లో పైకీ కిందికీ తిప్పేటోణ్ణి. వాచ్‌మన్ తిట్టేటోడు.

జ్వరం జాగ్రత్త చెల్లె. కీమో అయినంక వారం, పది రోజులకి తెల్లకణాలు పడిపోతయ్. 100.4 దాటిందంటే పారాసిటమాల్ పోసి తెల్లారేదాక చూద్దామనుకోవద్దు. అర్ధరాత్రైనా ఆసుపత్రే. సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టు.

ఖర్చుకి ఆసుపత్రిలోనే ఆరోగ్యమిత్ర ఉంటడు, సర్కారు ఆరోగ్య పథకాల సంగతి చూసేటోడు. మీకు ఎన్టీఆర్ వైద్య సేవ, మాకు ఆరోగ్యశ్రీ. కార్డు పట్టుకపోయి ఏది వస్తదో ఏది రాదో మొహమాటపడకుండా అడుగు. రైల్లో బాబుకి ఎట్లాగూ టికెట్ లేదు. క్యాన్సర్ రోగికి తోడు పోయే ఒకరికి రాయితీ ఉంటది, డాక్టర్ సంతకం పెట్టిన ఫారం కావాలె.

గాజుకన్ను_పిల్ల, మే 9, రాత్రి 9:12

ఇంకొన్ని, ఎవరూ చెప్పరు కాబట్టి. వాడు నడిచేసరికి పాలికార్బొనేట్ కళ్ళద్దాలు చేయించండి, పవర్ లేకపోయినా. ఉన్న ఒక్క కంటికి అది హెల్మెట్. ఎడమ పక్క నుంచి వచ్చే బంతి వాడికి కనపడదు, స్కూల్లో ఎడమ గోడ పక్కన కూర్చోబెట్టండి, క్లాసంతా కుడి వైపు ఉంటుంది. ఒక కన్ను పోయి రెండోది బాగుంటే వికలాంగుల సర్టిఫికెట్‌లో 30 శాతమే వేస్తారు, రిజర్వేషన్‌కి 40 కావాలి. ఇప్పుడే తెలిస్తే తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు. కొంచెం పెద్దయ్యాక ఎముక నొప్పి, వాపు వారాల తరబడి తగ్గకపోతే "పెరుగుదల నొప్పులు" అని వదిలేయకండి. డాక్టర్‌కి ఆర్‌బీ1 మాట మీరే గుర్తుచేయాలి.

టీవీఎస్50, మే 10, ఉదయం 7:20

ఏప్రిల్ 18న నేను "పడుకోండి" అని రాశాను. మా పాప ఫోటోలు మళ్ళీ చూశాను, రెండూ ఎర్రగానే ఉన్నాయి. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఈ చర్చ పెట్టాను. ఎదురింటివాళ్ళ బాబుకి తెల్లగా వస్తే తీసుకెళ్ళారు. శుక్లమట. ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు.

కాకరపువ్వొత్తి, నవంబర్ 16, రాత్రి 9:30

చాలా రోజులైంది. ఆరు కీమోలూ అయ్యాయి. నాలుగోదాని తర్వాత జ్వరం వచ్చింది, రాత్రి రెండింటికి ఆటోలో వెళ్ళాం, అయిదు రోజులు ఉన్నాం. జుట్టు మళ్ళీ వస్తోంది, ఈసారి ఉంగరాలు. కుడి కంట్లో గడ్డలు ఎండి సున్నంలా అయిపోయాయి, రెండు నెలలుగా కదలిక లేదు. అయినా నెలకోసారి మత్తు పరీక్ష తప్పదు. తర్వాత నెలలు పెంచుకుంటూ వెళ్తారట. మా ఇద్దరి రక్తంలో ఆ మార్పు లేదు.

కొత్త కన్ను వచ్చింది. మొన్న పొద్దున కనపడలేదు. ఇల్లంతా వెతికాం, మంచం కింద, దిండు గలీబుల్లో. సాయంత్రం అత్తగారు బియ్యం కొలుస్తుంటే డబ్బాలో నుంచి ఆవిడ వైపే చూస్తోంది. ఆవిడ కెవ్వున అరిస్తే వీడు చప్పట్లు కొట్టాడు.

మా ఆడపడుచుకి పాప పుట్టింది. మా ఇద్దరి రక్తంలో లేదు కాబట్టి ఆ పాపకి భయం లేదని డాక్టర్ చెప్పారు. అయినా అత్తగారు రోజూ దీపం పెట్టాక లైటు తీసేసి ఆ పాపని ఒళ్ళో వేసుకుంటున్నారు.

వచ్చే పరీక్ష 23న. 22 రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో మాకు రెండూ పై బెర్తులే వచ్చాయి. వీడితో ఎక్కడం కష్టం. అటు వెళ్ళేవాళ్ళెవరైనా ఉన్నారా?

పూతరేకు (పాలకొల్లు), నవంబర్ 16, రాత్రి 10:04

కొత్తగా చేరాను, చర్చ మొత్తం చదివాను. మా పాపకి కూడా 23నే, రెండో కీమో. ఎస్4లో మాకు కింద బెర్తు ఉంది, మీరు తీసుకోండి. భీమవరంలో ఎక్కగానే ఎర్ర దుప్పటి చూసుకుని వచ్చేయండి.